కోతగంటా, మొండినల్ల ద్రాక్షా

అనగనగా అని నేనంటే ఊఁ అని మీరనాలి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నా నోట కథ కదలదు. కొట్టారా? సరే, వినండి.

అనగనగా ఇటలీ దేశంలో ఒక కొండ. కొండ మీద ఒక ఊరు. ఊరి చుట్టూ ద్రాక్షతోటలు. ఆ ఊళ్ళో తెక్లా అనే నేతగత్తె ఉండేది. ఉన్ని వడికేది, రంగులద్దేది, శాలువలు నేసేది. వాళ్ళ అమ్మమ్మ పోతూ పోతూ ఆమెకు ఒక చిన్న తోట ఇచ్చి పోయింది. తోట నిండా నల్లద్రాక్ష. ఆ కొండ మీద తప్ప ఇంకెక్కడా పెరగని జాతి.

జాతి గొప్పదే. పేరే, పాపం, గొప్పది కాదు! ఊరివాళ్ళు దాన్ని మొండినల్ల అని పిలిచేవారు. కొరికితే వగరు, మింగితే పులుపు. ఉన్నికి రంగు వెయ్యడానికి తప్ప ఎందుకూ కొరగాదని అందరూ తేల్చేశారు.

ఒక ఏడు ఆ కొండకు కొత్త దొర వచ్చాడు. పేరు గౌడెంజియో. భోజనప్రియుడు, ఆడిన మాట తప్పని మనిషి. తోటలన్నీ తిరిగి, మొండినల్ల పండు ఒకటి నోట్లో వేసుకుని, మొహం చిట్లించాడు.

"ఈ తీగలు పీకించండి. పరదేశం నుంచి మంచి తీగలు తెప్పిస్తాను" అన్నాడు వెంట ఉన్న మనుషులతో.

తెక్లా అక్కడే ఉంది. అవి అమ్మమ్మ తన చేత్తో నాటి, బిడ్డల్లా పెంచుకున్న తీగలు. ఆమె దొర ముందుకు వెళ్ళి నిలబడింది.

"దొరగారూ, వీటితో మంచి ఎర్ర వైన్ చేసి చూపిస్తాను. అంతవరకూ గొడ్డళ్ళు ఆపించండి."

"నీకు వైన్ చెయ్యడం వచ్చా?"

"రాదండీ."

"మరి ఎవరు నేర్పుతారు?"

"నేర్పేవాళ్ళు లేరండీ. నేనే నేర్చుకుంటాను."

దొరకు నవ్వొచ్చింది. ఆ నిజాయితీ నచ్చింది కూడా. "సరే, మూడు కోతలు గడువిస్తున్నాను. మూడో కోత వైన్ కూడా బాగోలేదో, ఈ తీగలు పొయ్యిలోకి పోతాయి" అని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ద్రాక్ష ఎప్పుడు పడితే అప్పుడు కొయ్యడానికి లేదు. వేసవి వెళ్ళీ వెళ్ళగానే చర్చి గంట మోగుతుంది. దాన్ని కోతగంట అంటారు. అది మోగిన రోజే ఊరంతా కోసుకోవాలి. మర్నాటి నుంచి ఎవరి తోట తలుపు వాళ్ళు బార్లా తెరిచి పెట్టాలి. తీగకు మిగిలిన పండు ఎవరు కోసుకుంటే వాళ్ళది. మేకలొచ్చి మేసినా కిక్కురుమనకూడదు. పేదాసాదా కోసం పెద్దలు పెట్టిన మంచి కట్టుబాటే, నేను కాదనను.

మొదటి ఏడు తెక్లా గంట రోజునే కోసింది. పళ్ళు తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కింది. రసం బుసబుసా పొంగింది. తొక్కలు పైకి తేలితే పొద్దునా సాయంత్రం కర్రతో అదిమింది. పొంగు తగ్గాక వడకట్టి పీపాలో పోసింది. చలికాలం పోయాక ఆశగా ఒక గుక్క తాగింది. అబ్బబ్బ, వగరు! పచ్చి వక్క నమిలినట్టు నాలుక పిడచకట్టుకుపోయింది.

తెక్లా పెద్దమ్మ కొడుకు బర్తోలో వచ్చి తనూ ఒక చుక్క రుచి చూశాడు. "చెల్లీ, ఇది తాగడానికా, తోళ్ళు నానబెట్టడానికా?" అని పడీ పడీ నవ్వాడు.

ఇంకొకరైతే ఏడ్చి ఊరుకునేవారు. తెక్లా మాత్రం "ఎందుకిలా అయింది?" అని ఆలోచనలో పడింది. వగరంతా తొక్కల్లో ఉందేమో అనుకుంది. రెండో ఏడు కూడా గంట రోజునే కోసి, తొక్కి, వెంటనే తొక్కలన్నీ తీసి పారేసింది. ఈసారి రుచి చూడటానికి చలికాలం దాకా ఆగక్కర్లేకపోయింది. రంగు లేదు, రుచి లేదు, ఒట్టి పులుపు. చింతపండు కడిగిన నీళ్ళు అంతకన్నా నయం.

మంచు దిగిన ఒక పొద్దున తెక్లా దిగులుగా తోటకు వెళ్ళింది. అక్కడ ఆకుల చాటున ఎవరి కంటా పడని గుత్తి ఒకటి మిగిలిపోయింది. ఒక అడవిపంది వెనక్కాళ్ళ మీద నిలబడి, కళ్ళు మూసుకుని, చప్పరించుకుంటూ ఆ గుత్తి తింటోంది.

"ఏయ్! గాడిదలు కూడా ముట్టని పండును అంత ఇష్టంగా ఎలా తింటున్నావు?" అని అడిగింది తెక్లా. చూశారా, పారిపోవాలని తోచలేదు ఆమెకు, అడగాలని తోచింది!

అడవిపంది మూతి తుడుచుకుంది. "గంట మోగిన రోజున నేనూ వచ్చి కొరికాను తల్లీ. ఛీ అని వెళ్ళిపోయాను. మీరు గంట విని కోస్తారు, మేం వాసన చూసి తింటాం. అప్పటికి నీ పండు పైకి నల్లగా నిగనిగలాడుతుందే గానీ లోపల గింజ పచ్చిది. వగరంతా ఆ పచ్చిదనానిదే. మంచు తగిలాక గింజ గోధుమరంగుకు తిరుగుతుంది. కొరికితే పటుక్కుమంటుంది. నేను అప్పుడొస్తాను."

తెక్లా గుత్తిలో మిగిలిన ఒక్క పండు తుంచి నోట్లో వేసుకుంది. తీపి! గింజ పటుక్కుమంది. ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

మరి గంట అంత తొందరగా ఎందుకు మోగుతోంది? ఆ సందేహం ఆమెను కాలు నిలవనివ్వలేదు. పరుగున గంట కొట్టే సిల్వానో తాత దగ్గరికి వెళ్ళింది.

"దిగువ తోటల్లో తెల్లద్రాక్ష ఉంది కదమ్మా, అది పండగానే కొడతాను. మా నాన్నా అలాగే కొట్టాడు" అన్నాడు తాత.

"మరి నల్లది పండిందో లేదో చూడరా తాతా?"

తాత బుర్ర గోక్కున్నాడు. "దాని సంగతి నన్నెవరూ అడగలేదే!"

విన్నారా విడ్డూరం! తెల్లదానికి ముహూర్తం చూసి నల్లదానికి పెళ్ళి చేస్తున్నారన్నమాట, తరతరాలుగా.

మూడో ఏడు వచ్చింది. గంట మోగింది. ఊరంతా కోసుకున్నారు. తెక్లా ఒక్క గుత్తీ తెంపలేదు. మర్నాడు కట్టుబాటు ప్రకారం తోట తలుపు తెరిచి పెట్టింది.

బర్తోలో లబలబలాడాడు. "పిచ్చిపిల్లా, ఇదే ఆఖరి కోత! పంటంతా తీగ మీద వదిలేసి తలుపు తీస్తావా?"

"పండేదాకా ఆగాలి అన్నా. తలుపు మూస్తే కట్టుబాటు తప్పినట్టు" అంది తెక్లా.

మొదట మేకలొచ్చాయి. ఒక్కో పండు కొరికి, గడ్డాలు విదిలించుకుంటూ వెళ్ళిపోయాయి. తర్వాత కోతలో మిగిలిన పరిగె ఏరుకునే పేదలు వచ్చారు. రుచి చూసి, ఉమ్మేసి, తెక్లాను తిట్టుకుంటూ పోయారు. ఆ తర్వాత మంచు దిగింది. గింజలు గోధుమరంగుకు తిరిగాయి. మాగిన పండు వాసన ఊళ్ళోకి పాకింది. ఇంకేముంది, ఊరు ఊరంతా బుట్టలు పట్టుకుని వచ్చేసింది! అందరికన్నా ముందు బర్తోలో.

తెక్లా బుట్టలు లెక్కపెట్టింది. వాళ్ళు కోసుకుపోతే వైన్ లేదు. వైన్ లేకపోతే తీగలు లేవు. కాదనడానికి తనకు హక్కు లేదు.

పొద చాటు నుంచి అడవిపంది గుసగుసలాడింది. "తలుపు మూసెయ్ తల్లీ. నేను కోరలు చూపించి నిలబడతాను, ఎవడొస్తాడో చూద్దాం."

"వద్దు. పుల్లగా ఉన్నన్నాళ్ళూ తెరిచి, తియ్యగా అవగానే మూస్తే అది మోసం" అంది తెక్లా. తలుపు పక్కకు జరిగి నిలబడింది.

జనం లోపలికొచ్చి కోస్తూ, తింటూ, బుట్టలు నింపుకున్నారు. అప్పుడు తెక్లా అడిగింది. "అయ్యల్లారా, అమ్మల్లారా, ఎలా ఉంది పండు?"

"తేనె!" అన్నారు నోటి నిండా పండుతో.

"అది మీదే, తీసుకుపోండి. నేను అడ్డం రాను. కానీ దొర తాగే వైన్ దీంట్లోంచే రావాలి. రాకపోతే ఈ తీగలు ఉండవు. ఈ తీపి ఇంకెప్పుడూ ఉండదు. ఆపైన మీ ఇష్టం."

 బర్తోలో తన బుట్టకేసి చూశాడు, తీగకేసి చూశాడు. గబగబా నడిచి బుట్టంతా ఆమె తొట్టిలో కుమ్మరించాడు. "తొక్కడానికి కాళ్ళు కూడా ఇస్తాను చెల్లీ" అంటూ చెప్పులు విప్పాడు. ఆ వెనకే ఒక్కొక్కరూ వచ్చి బుట్టలు దించారు. తెక్లా చెప్పిందని అడవిపందికి మాత్రం చివరి వరస పళ్ళు తీగకే వదిలేశారు. గురుదక్షిణ ఇవ్వొద్దూ?

వైన్ పీపాలో నిదానంగా తేరుకుంది. మళ్ళీ ఎండలు వచ్చాక దొర వచ్చాడు. వెనకాల గొడ్డళ్ళతో మనుషులు. తెక్లా గిన్నెలో వైన్ పోసి అందించింది. దొర ఒక గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు. రెండో గుక్క తాగి రొట్టే జున్నూ తెమ్మన్నాడు. మూడో గుక్కకు గిన్నె ఖాళీ చేసి, "ఇది ఏ దేశపు ద్రాక్ష?" అన్నాడు.

"ఈ కొండదేనండీ. మొండినల్ల."

దొర ఖాళీ గిన్నె మళ్ళీ చాపాడు. "మరి ఇన్నేళ్ళూ ఎందుకింత వగరుగా ఉంది?"

"ఇన్నేళ్ళూ మేం దాన్ని పండనివ్వలేదండీ."

దొర గొడ్డళ్ళవాళ్ళను వెనక్కి పంపేశాడు. తెక్లా తోటలోకి పరుగెత్తి, అమ్మమ్మ నాటిన తీగను రెండు చేతులా పట్టుకుని, "బతికిపోయావే తల్లీ!" అని పిల్లలా ఏడ్చింది.

కాయను కోసుకుని పండును తిట్టకూడదు.