లకుముకి ముక్కు బరువు

నేనింతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను. అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వండిపెట్టడం నా పని. తిన్నాక వాళ్లకు ఈ కథ చెబుతుంటాను. మా టీచరమ్మ విని, "రాయి ఈరమ్మా, నోట్లోనే దాచుకోకు" అంది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మాది బాణాలు చేసిన ఇల్లు. ఇది మా నాయనమ్మ చెప్పింది.

ఒకప్పుడు లకుముకి పిట్టకు గడ్డిపరకంత ముక్కు, మూరెడు తోక ఉండేవి. అది ఎగురుతూ తూనీగలను పట్టి తినేది. "గాలి కూడా నా వెనకే!" అని మిడిసిపడేది.

ఒక ఏడు వానలు లేవు. తూనీగలు కనబడకుండా పోయాయి. గట్టు బొరియలో నాలుగు పిల్లలు "అమ్మా, ఆకలి!" అని నోళ్లు తెరిచాయి. వాగు మడుగులో మాత్రం చేపలున్నాయి.

లకుముకి పైనుంచి రివ్వున దూకింది. టప్పుమని నీళ్ల మీద పడి, ఎగిరి పక్కకు పోయింది.

వాగు నవ్వింది. "ఎండుటాకు పడిందనుకున్నా, నువ్వటే!"

వేగం చాలలేదేమో అనుకుంది లకుముకి. ఒళ్లు తేలికవుతుందని తోక ఈకలు పీకేసుకుంది. మళ్లీ దూకింది. వేగం పెరిగింది, దెబ్బా పెరిగింది. చేప దొరకలేదు.

ఏడుస్తూ కొమ్మ మీద కూచుంది. కింద వేటగాడు బయన్న, బురదలో పడుకున్న అడవిపందికి గురిపెడుతున్నాడు. సన్నని రెల్లుపుల్ల బాణం. వదిలాడు. కంటికి ఆననంత వేగంగా పోయింది! పంది భుజానికి తగిలి, వంగి, కిందపడింది. పంది కళ్లు కూడా తెరవలేదు. అటు తిరిగి పడుకుంది.

"పందికి దురద తీర్చావా అల్లుడూ? దీవిస్తుందిలే!" అంది వెనకనుంచి అత్త పోలమ్మ. ఆ అడవిలో బాణం చేయాలంటే ఆమే చేయాలి.

"ఎంత వేగంగా పోయిందో చూశావా అత్తా!"

"చూశా. కిందపడిందీ చూశా."

పోలమ్మ తన బాణం తీసింది. గట్టి వెదురు, నల్లటి ఇనప మొన. దాన్ని వేలి మీద అడ్డంగా ఆనించింది. మొన వైపు ఒరిగింది.

"ఇదిగో, ఇలా ముందుకు మొగ్గాలి. వేగం తోలు దాకా తీసుకుపోతుంది అల్లుడూ. లోపలికి తీసుకుపోయేది బరువు."

ఆ బాణం నిదానంగానే పోయింది. పంది మళ్లీ లేవలేదు.

లకుముకి ఎగిరొచ్చి పోలమ్మ ముందు వాలింది. "అమ్మా, నాకూ కాస్త బరువివ్వు. నా పిల్లలు చచ్చిపోయేలా ఉన్నాయి."

పోలమ్మ దాన్ని వేలి మీద కూచోబెట్టుకుని, అటూ ఇటూ చూసింది. "తోక పీక్కున్నావా? పోనీలే, సగం పని నువ్వే చేశావు. మిగతా సగం నాది." ఒక ఇనప మొన తీసి, చెట్టుబంకతో ముక్కుకు అతికించింది.

దారిలో కాకి చూసింది. "ముక్కు ఎగురుతోంది, పిట్టేదర్రా?"

లకుముకి నేరుగా మడుగు మీదికి పోయింది. తల కిందికి మొగ్గింది. బుడుంగుమని నీళ్లు చీలాయి. "అబ్బా!" అంది వాగు. పైకొచ్చేసరికి ముక్కున తళతళలాడే చేప! నాలుగు నోళ్లూ నిండేదాకా దూకుతూనే ఉంది.

"ఎండుటాకునేనా?" అని అడిగింది లకుముకి.

"కాదు తల్లీ, బాణానివి" అంది వాగు.

అప్పటినుంచే లకుముకికి ఒంటికి మించిన నల్లటి ముక్కు, బెత్తెడు కూడా లేని తోక. అప్పటినుంచే అది వాగు పొడుగునా కీచుమని అరుస్తూ పోతుంది. గర్వం మరి!

ఇదంతా నిన్న రాశాను. ఈ పొద్దున పిల్లలను వాగు దగ్గరికి తీసుకెళ్లాను. లకుముకి ఒకటి బుడుంగుమని దూకింది. "ఈరమ్మత్తా, ఆ ముక్కు ఎవరు చేశారు?" అని తెలిసే అడిగారు.

"మన పోలమ్మవ్వ" అన్నాను. అవతలి గట్టుకు వినబడేంత గట్టిగా అన్నాను.