కార్తీక సోమవారం పాస్తా

అది కార్తీక మాసంలో మూడో సోమవారం. సాయంత్రం సరిగ్గా ఆరు గంటల పది నిమిషాలు. అనగా అనగా అని మొదలుపెట్టేంత పాత కథ కాదిది పిల్లలూ. చెప్పగా చెప్పగా అదే పాతబడుతుంది, వినండి.

కృష్ణ ఒడ్డున ఒక పట్నంలో వకుళ అనే ఇల్లాలు ఉండేది. ఆ వేళకు ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, గుమ్మంలోనే నిలబడిపోయింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. కూర్చుందామంటే, మళ్ళీ లేవగలనో లేదోనని భయం.

అత్తగారు రాజ్యలక్ష్మమ్మకు ఆ రోజు ఉపవాసం. ఆకాశంలో చుక్క కనబడ్డాక ఒక్కసారే భోజనం. కంచం ముందు కూర్చుని ఒకసారి లేచారంటే, మర్నాటిదాకా ఇంక ఏమీ ముట్టరు.

కూతురు మేధది వేరే గొడవ. "అమ్మా, తెల్ల పాస్తా! సోమవారం చేస్తానన్నావ్!"

రెండు వంటలు చేసే ఓపిక వకుళకు లేదు. ఆ సంగతి ఆమె మొహం చూసే అత్తగారు గ్రహించారు.

"నాకూ అదే పెట్టమ్మా. గోధుమదేగా. ఉల్లీ వెల్లుల్లీ లేకపోతే చాలు."

వకుళ కొంగు దోపుకుంది. పాస్తా ఉడకబెట్టి వార్చింది. వెన్న కరిగించి, మైదా దోరగా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పింది. క్యారెట్టు, బఠాణీలు, మిరియాల పొడి వేసింది. కొలిచి ఒక చెంచా ఉప్పు వేసింది. పాస్తా అందులో కలిపి, సన్నటి సెగ మీద ఉంచి, స్నానానికి వెళ్ళింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దేవుడికి చూపించందే ఏదీ రుచి చూడరు, ఉప్పు సరిపోయిందా అని నాలుక మీద చుక్క కూడా వేసుకోరు. పోయిన సోమవారం పప్పులో ఉప్పు మరిచిపోయి వకుళ ఎంత చిన్నబుచ్చుకుందో ఇంట్లో అందరికీ గుర్తే.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినబడగానే అత్తగారు వంటింట్లోకి వచ్చారు. "పిచ్చిపిల్ల, అలసటలో మళ్ళీ మరిచే ఉంటుంది" అనుకుని ఒక చెంచా ఉప్పు వేసి వెళ్ళిపోయారు.

కాసేపటికి వకుళ భర్త శేషగిరి వచ్చాడు. అతనూ అదే అనుకున్నాడు. అతనూ ఒక చెంచా వేశాడు. ఇద్దరూ ప్రేమతోనే వేశారు. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

"నానమ్మా, చుక్క!" అని మబ్బు విడగానే డాబా మీంచి మేధ కేక వేసింది.

నైవేద్యం పెట్టారు.

"శివుడికి ఫోర్కు పెట్టాలా నానమ్మా?"

"అక్కర్లేదులే. ఆయన చేత్తోనే తింటాడు."

అందరూ కూర్చున్నారు. అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎలాగో మింగారు. శేషగిరికి పొలమారింది.

"అమ్మా, సముద్రంలా ఉంది!" అంది మేధ.

వకుళ రుచి చూసింది. రోజంతటి అలసట ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. పొద్దుటినుంచీ ఉత్త మంచినీళ్ళతో ఉన్న అత్తగారు ఇప్పుడు ఈ కంచం ముందునుంచి లేస్తే రేపటిదాకా ఆకలే.

"నేనే అత్తయ్యా. ఒళ్ళు తెలియకుండా రెండుసార్లు వేసుంటాను" అంది.

అత్తగారు ఊరుకుంటే ఊరుకోవచ్చు. తప్పు ఎలాగూ కోడలే నెత్తిన వేసుకుంది. కాని ఎదురుగా దేవుడి దీపం ఇంకా వెలుగుతోంది.

"కాదమ్మా. ఒక చెంచా నేను వేశాను. నువ్వు మరిచిపోయావనుకున్నాను." తర్వాత కొడుకు వైపు తిరిగారు. "నువ్వేమిట్రా, కంచంలోకి అంత పరీక్షగా చూస్తున్నావ్?"

శేషగిరి గొంతు సవరించుకున్నాడు. "నేనూ... ఒక చెంచా."

"మరి శివుడు తినేశాడుగా!" అంది మేధ కంగారుగా.

"గరళం మింగినవాడికి ఇదొక లెక్కా తల్లీ!" అన్నారు అత్తగారు.

ముందు వకుళకే నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మూడు చెంచాలని తేలింది గనక దారీ దొరికింది. డబ్బాలో మిగిలిన పాస్తా అంతా ఉప్పు లేకుండా ఉడికించాలి. ఇందాకటికి రెట్టింపు పాలు పోసి, ఈ ఉప్పటి పాస్తాలో కలపాలి. ఇంట్లో ఉన్నవి రేపటి కాఫీ పాలే, అవే పోశారు.

"నువ్వు లేవకు" అని శేషగిరే పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

అత్తగారు కంచంలో చెయ్యి పెట్టుకుని, కదలకుండా అరగంట కూర్చున్నారు. పక్కనే వకుళ గోడకు తల ఆనించి కునికింది. ఆవిడ ఎడమ చెయ్యి కోడలి తల మీద వేసి ఉంచారు.

అందరూ కడుపునిండా తిన్నారు. అత్తగారు మారు కూడా వడ్డించుకున్నారు.

మర్నాడు పొద్దున్న పాలు లేవు. అందరూ నల్ల డికాక్షనే తాగారు. శేషగిరి ఉప్మా కలుపుతూ, "ఉప్పు నేను వేశాను!" అని ఇల్లంతా వినబడేలా అరిచాడు.

"విన్నాన్రా!" అన్నారు పూజగదిలోంచి అత్తగారు.

"విన్నాను నాన్నా!" అంది జడ వేసుకుంటున్న మేధ.

"విన్నానండీ" అంది వకుళ, లేవకుండానే. మళ్ళీ దుప్పటి కప్పుకుంది.

మంచి మనసుతో చేసినా, చెప్పకుండా చేసిన సాయం చేటు తేవచ్చు. చేసింది దాచుకోకుండా చెప్పుకునే ఇంట్లో ఎవరూ కంచం ముందునుంచి ఆకలితో లేవరు.