రవణమ్మ అత్తగారి ముక్కుపుడక

పనిలో చేరి మూడేళ్ళు దాటినా జిలానీ మాస్టారు తనకి బ్యాగు ఎందుకు ఇవ్వడం లేదో వకుళకి అంతుపట్టలేదు.

ఆ బ్యాగు కనిగిరిలో అందరికీ తెలుసు. నల్లటి రెగ్జిను, తెగిన పట్టీకి సైకిలు ట్యూబు ముక్క కుట్టి ఉంటుంది. కంప్యూటర్లు బాగుచేసే ఆ చిన్న షాపులో గోడకి ఒక మేకు, మేకుకి ఆ బ్యాగు. దాన్ని భుజాన వేసుకుని ఒంటరిగా ఎవరి దుకాణానికైనా వెళ్ళి పని ముగించుకు రాగలిగినవాళ్ళే అక్కడ మెకానిక్కులు. తక్కినవాళ్ళు ఎన్నేళ్ళున్నా నేర్చుకునేవాళ్ళ కిందే లెక్క.

వకుళ పాలిటెక్నిక్‌లో కాలేజీ ఫస్టు. మాస్టారు ఏడో తరగతి తప్పినవాడు. రేడియో షాపులో నేల ఊడ్చి, చెంపదెబ్బలు తిని, చేతులు కాల్చుకుని పని నేర్చాడు. అందుకే ఆయన నేర్పేది పాఠంలా ఉండదు, తిట్టులా ఉంటుంది.

"కంప్యూటరు ఆన్ కాలేదంటే ముందు ప్లగ్గు చూడమ్మా. లోపలంతా విప్పి ఆఖర్న ప్లగ్గు చూసేవాడు గాడిద."

"ఒక్కచోట దాచిన ఫైలు దాచినట్టే కాదు. రెండు చోట్ల పెట్టుకోమని చెప్పు. వినకపోతే మళ్ళీ చెప్పు. అప్పటికీ వినకపోతే నువ్వే పెట్టిరా."

"ఏది కదిలించినా ముందు ఫోన్లో ఫోటో తియ్యి."

మొదటి రెండూ వకుళ పాటించేది. మూడోది ఆమెకి నచ్చలేదు. లాప్‌టాప్ విప్పితే స్క్రూలన్నీ న్యూస్‌పేపరు మీద, ఏది ఎక్కణ్ణుంచి తీసిందో సరిగ్గా ఆ చోటే వచ్చేలా పేర్చుకునేది. "నా పేపరుండగా ఫోటో ఎందుకు మాస్టారూ?" అనేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "నాకింకా ఏం రాదని బ్యాగు ఇవ్వట్లేదు?"

మాస్టారు ఆమెకేసి ఒకసారి చూశాడు. లేచి మేకుకున్న బ్యాగు తీసి బల్ల మీద పెట్టాడు.

"తాసిల్దారాఫీసు పక్కన రవణమ్మ జిరాక్సు షాపు. అక్కడి కంప్యూటరు నత్తలా నడుస్తోందంట. వెళ్ళి చూసి రా. ఆమె నోటితో బాగుందంటే బ్యాగు నీది."

వకుళ వెళ్ళేసరికి రవణమ్మ అన్నానికి బయల్దేరుతోంది. "నువ్వు చూస్తా ఉండమ్మాయ్, నే వస్తా" అని తాళాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

వకుళ మిషను విప్పింది. లోపల గుప్పెడు దుమ్ము. ఊదేసింది. మెమరీ పెంచింది. అక్కర్లేని ప్రోగ్రాములు తీసేసింది. ఆన్ చేసి చూస్తే చిటికెలో లేచి కూర్చుంది.

అప్పుడు చూసింది స్క్రీను వంక. ఎవరో ముసలావిడ ముఖం, ఈ చివర్నుంచి ఆ చివరికి. ఆ ముఖం నిండా ఫైళ్ళు, చాటలో బియ్యం ఒలికిపోయినట్టు. ముక్కు మీద ఒకటి, చెవుల మీద రెండు, గడ్డం కింద ఒక గుంపు. ఒక్కదానికీ సరైన పేరు లేదు.

"ఛీ, ఇదేం సంత" అనుకుంది వకుళ.

తొమ్మిది ఫోల్డర్లు చేసింది. వాటికి ఇంగ్లీషులో పేర్లు పెట్టింది. ఫైళ్ళన్నీ వాటిలోకి తోసి వరసగా నిలబెట్టింది. ముసలావిణ్ణి తీసేసి మంచుకొండ బొమ్మ పెట్టింది. స్క్రీను అద్దంలా మెరిసింది. తాళాలు పక్క సోడా షాపులో ఇచ్చి ఈల వేసుకుంటూ వచ్చేసింది.

"మాస్టారూ, రాకెట్టులా నడుస్తోంది! చెత్తంతా సర్దేశాను కూడా."

"రవణమ్మ ఏమంది?"

"ఆమె రాకముందే అయిపోయింది."

మాస్టారు "ఊఁ" అన్నాడు. బ్యాగు తీసి మళ్ళీ మేకుకి తగిలించాడు.

మర్నాడు పొద్దున పదింటికి ఫోను మోగింది. మాస్టారు స్పీకరు నొక్కాడు.

"జిలానీ అన్నా! మా అత్త మొహం ఏమైపోయిందన్నా?"

"ఏమైందమ్మా?"

"ఏమైందా? ఇళ్ళ స్థలాల అర్జీలకి ఇయ్యాలే ఆఖరు. నలభై మంది నిలబడున్నారు. అర్జీ మా అత్త ముక్కుపుడక మీద ఉంటది. అత్తే లేకపోయె, ఇంక ముక్కెక్కడ, పుడకెక్కడ! ఏదో కొండ కనపడతంది. ఆ కొండెక్కి నేనేం చేసుకోను?"

వకుళ ముందుకి వంగింది. "అక్కా, ఫారమ్స్ అని ఫోల్డరుంది. పేరు చదివి నొక్కితే..."

"చదవగలిగితే నీకెందుకు ఫోను చేస్తానే తల్లీ? తెలుగంటావా, నువ్వు చెప్తా ఉంటే టైపు కొట్టేస్తా. ఇంగ్లీషు నా వల్ల కాదు. జనం తిట్టుకుంటన్నారు, అడుగో, ఒకాయన పోతన్నాడు... ఓ పెదనాన్నా, ఆగు!"

ఫోను ఆగిపోయింది.

వకుళ మొహం ఎర్రబడింది. "చూశారా మాస్టారూ! ఒక్కటీ పోలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి. వెతుక్కోవడం చేతకాకపోతే నా తప్పా? ముక్కు మీద అర్జీ ఏంటండీ! ఇలాంటివాళ్ళకి కంప్యూటరెందుకు?"

మాస్టారి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఏడో తరగతి తప్పినవాడికి రేడియో ఎందుకని ఆయన్ని అడిగినవాళ్ళు ఊళ్ళో ఇంకా బతికే ఉన్నారు. కళ్ళెర్రజేసి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"వెళ్ళి రెండు టీలు పట్రా" అన్నాడు.

వకుళ గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆమె బల్ల తళతళలాడుతోంది. ఆమె విప్పి పెట్టిన లాయరుగారి లాప్‌టాప్ ఒక పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. ముప్ఫై ఒక్క స్క్రూలు పరిచిన న్యూస్‌పేపరు మాత్రం నాలుగు మడతలై బల్ల చివర ఉంది.

"అయ్యో! స్క్రూలేవి మాస్టారూ?"

మాస్టారు ఒక స్టీలు డబ్బా తీసి చెవి దగ్గర గలగలలాడించాడు. "చెత్తగా ఉంటే సర్దేశాను. ఒక్కటీ పోలేదు. అన్నీ ఇందులోనే ఉన్నాయి."

"సాయంత్రానికి లాయరుగారికి ఇవ్వాలి! పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే లోపల బోర్డుకి చిల్లు పడుతుంది. మీకు చెత్తలా కనపడుతుంది గానీ, ఏది ఎక్కడిదో నాకు..."

అక్కడ ఆగిపోయింది.

మాస్టారు టీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

వకుళ తన గ్లాసు ముట్టుకోలేదు. మేకుకున్న బ్యాగు లాక్కుని పరిగెత్తింది.

రవణమ్మ షాపు ముందు జనం రోడ్డు దాకా ఉన్నారు. వకుళ ఎవరికీ జవాబు చెప్పకుండా లోపలికి దూరి, కొండ తీసేసి పాత ఫోటో వెతికి పెట్టింది.

"అదిగో, వచ్చింది రవణమ్మ అత్త ఎల్లమ్మ!" అని వరసలో ముందున్న ముసలాయన అరిచాడు. అందరూ నవ్వారు.

వకుళ స్టూలు లాక్కుంది. "అక్కా, ఏది ఎక్కడుండాలో నువ్వు చెప్పు. ముందు అర్జీ."

"ముక్కుపుడక."

"ఆదాయం సర్టిఫికెట్టు?"

"నోట్లో. రూపాయొస్తే ఆమె చేతిలోనేగా పడేది, ఆమె నోరిప్పితేనేగా బయటికొచ్చేది."

"అద్దె కాగితం?"

"కుడి చెవి కమ్మ. ఎడమ కమ్మ మీద కులం సర్టిఫికెట్టు. అటూ ఇటూ చేశావా, నా కొంప మునిగినట్టే."

ముప్పావు గంటలో ముసలావిడ ముఖం నిండిపోయింది. నుదురు ఒక్కటి ఖాళీగా మిగిలింది.

"బొట్టు మీద ఏం పెట్టను అక్కా?"

"అక్కడేం పెట్టొద్దు." రవణమ్మ గొంతు తగ్గింది. "ఉన్న రెండు గేదెల్నీ అమ్మి ఈ మిషను కొనిచ్చింది. అప్పుడు నాకు మౌసు పట్టుకోవడమే రాదు. నా మొహం గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకోవే, అన్నీ వస్తయ్ అంది. బొట్టు మీద నేనెప్పుడూ ఏం పెట్టలా."

వకుళ తల దించుకుని ఆ చోటు అలాగే వదిలేసింది.

తర్వాత ఒకరు కొడుతుంటే ఒకరు ప్రింటు తీస్తూ ఇద్దరూ వరసంతా ముగించారు. వెళ్ళిపోయిన పెదనాన్న కూడా తిరిగొచ్చి, పక్క షాపులో ఫ్యాను లేదని సణుగుతూ ఆఖరి అర్జీ పట్టుకెళ్ళాడు.

"ఇప్పుడెట్టా ఉంది అక్కా?" భయంగా అడిగింది వకుళ.

రవణమ్మ ముక్కుపుడక మీద ఒకసారి నొక్కింది. అర్జీ టక్కున తెరుచుకుంది.

"బాగుంది. మా అత్త పడుచుతనంలో చేను చుట్టొచ్చినట్టు, ఎంత చలాగ్గా లేచిందో!"

వకుళ షాపుకి తిరిగొచ్చింది. న్యూస్‌పేపరు మడత విప్పి, డబ్బాలోని స్క్రూలన్నీ దాని మీద పోసుకుని కూర్చుంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి పొడుగులు చూడసాగింది. నాలుగు తెలిశాయి. ఇరవై ఏడు తెలియలేదు.

మాస్టారు తన ఫోను ఆమె ముందుకి జరిపాడు. తెర మీద అదే న్యూస్‌పేపరు, దాని మీద ముప్ఫై ఒక్క స్క్రూలు, ఎక్కడివక్కడ.

"ఫోటో తీశాకే కదిలించానమ్మా" అన్నాడు.

వకుళ ఫోటో చూసుకుంటూ స్క్రూలన్నీ బిగించింది. లాయరుగారి గుమాస్తా వచ్చి లాప్‌టాప్ తీసుకెళ్ళాక లేచి, బ్యాగు మేకుకి తగిలించబోయింది.

"ఆ మేకుతో ఇంక పని లేదు" అన్నాడు మాస్టారు, తలెత్తకుండా. "పీకెయ్."