శాలువా కప్పుకున్న కంప్యూటర్

వరదలొచ్చి పోయిన రాజ్యంలో ఒక కచేరీ ఉంది. ఆ కచేరీలో ఒక కంప్యూటర్ చప్పుడు చేస్తోంది.

చప్పుడంటే అలాంటిలాంటి చప్పుడు కాదు. పొద్దున మీట నొక్కగానే సన్నగా మూలిగేది. పది గంటలకు గురక పెట్టేది. మధ్యాహ్నానికి పిండిమరలో కూర్చున్నట్టుండేది. కచేరీ పెద్ద అధికారికి భోంచేశాక ఒక కునుకు తియ్యడం అలవాటు. నెల్లాళ్ళుగా ఆ కునుకు లేదు. కాబట్టి అది రాజ్యానికే సమస్య అయిపోయింది.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక గుమాస్తా. వరదలో ఇళ్ళు పోయినవాళ్ళని పిలిచి, పేరు అడిగి, ఎక్కించడం ఆమె పని. మూడు నెలల్లో నాలుగు వేల పైచిలుకు పేర్లు ఎక్కించింది. పౌర్ణమినాడు ఆ జాబితా రాజుగారికి వెళ్ళాలి. అందులో పేరున్నవాడికి ఇల్లు, లేనివాడికి ఆకాశం. ఆ పేర్లు కంప్యూటర్ కడుపులో తప్ప మరెక్కడా లేవు. చప్పుడు పెరిగినప్పుడల్లా మిగతావాళ్ళు చెవులు మూసుకుంటే, ఆమె గుండె పట్టుకునేది.

నిజానికి అది బంగారంలాంటి యంత్రం. వరద పనిలో రాజ్యం మొత్తం మీద ఎక్కువ కష్టపడింది అదేనని తేలి, రెండు నెలల కిందట రాజుగారే స్వయంగా వచ్చారు. ఆ రాజ్యంలో ఎవరైనా బాగా పని చేస్తే పని తగ్గించరు, శాలువా కప్పుతారు. రాజుగారు పెట్టెకి జరీ అంచు పట్టు శాలువా నాలుగువైపులా కప్పి, జారకుండా పిన్నీసులు పెట్టించి, చప్పట్ల మధ్య వెళ్ళిపోయారు.

కప్పిన శాలువాని కప్పినవారి ఎదుట తియ్యకూడదని అక్కడి మర్యాద. ఎదురుగోడ మీద రాజుగారి పటం ఉంది. పటంలో రాజుగారు రెప్ప వెయ్యరు. అందుచేత శాలువా అలాగే ఉండిపోయింది.

చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి అధికారి పంచసభ్య సంఘాన్ని వేశాడు. సంఘం మొదట బల్ల కింద ఎలుక ఉందంది. కొండను తవ్వితే ఎలుకైనా దొరుకుతుందంటారు. వీళ్ళు బల్ల, బీరువా, గచ్చు అన్నీ తవ్వారు, అదీ దొరకలేదు. తర్వాత బల్ల కాలు ఎగుడుదిగుడుగా ఉందని అట్టముక్క పెట్టారు. తర్వాత గుమాస్తా చేతుల వంక చూశారు.

"అమ్మా, ఆ గాజులు కాస్త తీసి చూస్తారా?"

ఆమె గాజులు తీసింది. చప్పుడు ఆగలేదు. "కుర్చీ మార్చి చూద్దాం" అన్నారు. మార్చారు. "మీరు కొంచెం గట్టిగా మాట్లాడతారు గదా, ఒక వారం తగ్గించి చూడండి" అన్నారు. ఆమె తగ్గించింది. చివరికి దిష్టి అని తేల్చి, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ తెచ్చి శాలువా మీదే వేలాడదీశారు. శాలువా తప్ప ఆ గదిలో వాళ్ళు ఎత్తి చూడని వస్తువు లేదు.

ప్రతి సోమవారం కచేరీకి ఒక ముసలమ్మ వచ్చేది. నేతపని మనిషి. మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చి, గోడ కూలి, మగ్గం బురదలో కలిసిపోయింది. ఆవిడ పేరు గుత్తి చౌడమ్మ. వచ్చి ఒకటే మాట అడిగేది.

"నా పేరుందా తల్లీ?"

"ఉందవ్వా."

"ఓసారి చదువు, విని పోతా."

గుమాస్తా చదివేది. ముసలమ్మ విని, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయేది. దండ కట్టిన తర్వాతి సోమవారం చప్పుడులో ఆమెకి తన పేరు వినపడలేదు. గుమాస్తా రెండోసారి చదివింది. మూడోసారీ చదివింది.

"ఎందుకే అంతలా అరుస్తోందది?" అంది చౌడమ్మ.

"అదే తెలీడం లేదవ్వా. ఐదుగురు వెతుకుతున్నారు."

చౌడమ్మ దగ్గరికొచ్చి శాలువా అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది. నేతగత్తె వేళ్ళకి వేరే కళ్ళుంటాయి. "అబ్బో, బలే చిక్కటి నేత. చలికాలం మనిషి కప్పుకునేది. ఈ ఎండల్లో దీన్ని మూతిదాకా కప్పి పిన్నీసులు పెడితే, నేనైనా అరుస్తా గదా! ఊపిరాడక అరుస్తోంది, పాపం" అంది.

గుమాస్తా పటం వైపు చూసింది. తర్వాత రెండు పిన్నీసులు తీసి, శాలువాని జానెడు పైకెత్తింది. లోపలి ఫ్యాను ఒక్క నిట్టూర్పు విడిచింది. చప్పుడు సగానికి సగం తగ్గింది. ముసలమ్మకి తన పేరు స్పష్టంగా వినపడింది. గుమాస్తాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆమె పరుగున అధికారి దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, కారణం దొరికింది. చప్పుడు చేస్తున్నది లోపలి ఫ్యాను. శాలువా వల్ల గాలాడక, పెట్టెని చల్లబరచలేక, అది అలా తిరుగుతోంది. శాలువా తీసేస్తే సరిపోతుంది."

అధికారి లేచి తలుపు మూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. "చాలా గొప్పగా కనిపెట్టావమ్మా. ఫ్యానన్నమాట!" అన్నాడు.

"ఫ్యాను కాదయ్యా, శాలువా."

"చప్పుడు చేస్తున్నది శాలువానా? శాలువా ఎప్పుడైనా నోరెత్తిందా?"



సంఘం నివేదిక ఆ సాయంత్రమే తయారైంది. ఆమె చెప్పిన మాటల్లో మొదటి సగం అందులో ఉంది. సంఘంలో ఒకాయన దగ్గర స్క్రూడ్రైవర్ ఉంది. ఆయన శాలువా మడత చెదరకుండా వెనకనుంచి చెయ్యి దూర్చి, కోడిగుడ్డు తీసినంత సుతారంగా ఫ్యాను ఊడదీసి బయటికి తెచ్చాడు. తీసిన పిన్నీసులు మళ్ళీ పెట్టారు. కచేరీ నిశ్శబ్దమైంది. అధికారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యా, ఫ్యాను లేకుండా నడిపితే కాలిపోతుంది. కనీసం జాబితా ఇప్పుడే పంపించెయ్యండి" అంది గుమాస్తా.

"పౌర్ణమికి గదా ముహూర్తం. ముందే పంపితే రాజుగారిని తొందర పెట్టినట్టుంటుంది."

"పోనీ కాగితాల మీదికి దించుతాను."

"కాగితాలు అయిపోయాయమ్మా. ఆహ్వాన పత్రికలకి సరిపోయాయి."

"ఏం పత్రికలు?"

"నీ సన్మానానివే!" అన్నాడు అధికారి, ముద్దుగా.

సన్మానం కచేరీలోనే జరిగింది. జాబితాలో తమ పేరుందో లేదో అడగడానికి వచ్చినవాళ్ళందర్నీ చప్పట్లు కొట్టడానికి వెనక వరసలో కూర్చోబెట్టారు. ఒక పక్క శాలువా కప్పుకుని నిశ్శబ్దంగా నడుస్తున్న కంప్యూటర్, ఇంకో పక్క గుమాస్తా. ఆమెకీ ఒక పట్టు శాలువా కప్పారు. మెడలో దండ వేశారు. ఒక చేతిలో పళ్ళబుట్ట, ఇంకో చేతిలో జ్ఞాపిక పెట్టారు. కదలడానికి లేదు. వక్తలు ఒక్కొక్కరే లేచి నిశ్శబ్దాన్ని పొగిడారు. మొదటాయన అరగంట పొగిడాడు. ఎండ ముదిరింది. శాలువా కింద ఆమె వీపు తడిసిపోయింది.

అప్పుడు ఆమెకి వాసన తగిలింది. వైరు కాలుతున్న వాసన. తెర ఒక్కసారి మినుకుమంది, నల్లబడింది. ఏ చప్పుడూ లేకుండా, ఎంతో మర్యాదగా, కంప్యూటర్ చచ్చిపోయింది. అధికారి కళ్ళు మూసుకుని ఆ నిశ్శబ్దాన్ని ఆస్వాదిస్తున్నాడు.

పళ్ళబుట్ట కింద పడింది. శాలువా భుజం మీదనుంచి జారింది. ఆమె పట్టుకోలేదు. నాలుగు వేల పేర్లు, ఒక్కొక్కటీ ఆమె వేళ్ళ కిందుగా పోయినవే. ఎన్ని గుర్తున్నాయో ఆమెకే తెలీదు. ఒకటి మాత్రం ప్రతి సోమవారం చదివింది.

"గుత్తి చౌడమ్మ" అంది గట్టిగా.

వెనక వరసలో ముసలమ్మ లేచి నిలబడింది. "ఉన్నా తల్లీ!"

గుమాస్తా రెండో పేరు చెప్పింది. ఇంకొకరు లేచారు. మూడోది చెప్పింది. ఒక కుటుంబమే లేచింది. పేరు తర్వాత పేరు, ఆమె గొంతు పెరుగుతూ పోయింది. పేర్లు గుర్తురాని చోట వెనకవాళ్ళే అందించారు.

అధికారి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. కంప్యూటర్ వైపు చూశాడు. అది నిశ్శబ్దంగానే ఉంది.

"మళ్ళీ ఏమిటా చప్పుడు? ఎక్కడినుంచి?" అన్నాడు విసుగ్గా.

పంచసభ్య సంఘం లేచి చెవులు రిక్కించింది. ఈసారి వాళ్ళకి ఎక్కువసేపు పట్టలేదు. ఐదు ముఖాలూ మెల్లగా గుమాస్తా వైపు తిరిగాయి. ఒకాయన జేబులో స్క్రూడ్రైవర్ కోసం తడుముకున్నాడు.