గుచ్చితే పాకుతుందన్నారు

అనగనగా గోదావరి కాలవ గట్టున ఒక ఊరు. ఊరి నిండా బియ్యం మిల్లులే. ఆ ఊళ్ళో వీరవేణి అని ఒక కోడలు పిల్ల. ఒకనాడు స్నానం చేస్తుంటే రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది.

అమ్మడూ, ఊఁ కొట్టు. ఈ కథ చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుందే.

అప్పుడు వీరవేణి ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ చూసి, "గడ్డలన్నీ క్యాన్సర్ కావమ్మా. చాలామట్టుకు మామూలువే. కానీ పైనుంచి చూసి చెప్పలేం. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. దాన్నే బయాప్సీ అంటారు" అంది.

ఇంటికొచ్చి చెప్పింది. అత్త సూరమ్మ, "అది పాలగడ్డే. పసుపు పట్టేస్తే కరుగుద్ది" అంది. అప్పుడు పక్కింటి మంగాయమ్మ, "సూది గుచ్చితే ఒళ్ళంతా పాకుద్ది" అంది. ఆ తర్వాత మొగుడు గంగరాజు, "ఊరందరి ముందూ రవిక విప్పుతావా? నోర్మూసుకుని పడుండు" అన్నాడు. ఆసుపత్రి గడప తొక్కని ముగ్గురు, ముగ్గురూ డాక్టర్లే! గడ్డ ఎవరికే? భయం ఎవరికే?

పసుపు పట్టు వేశారు. గడ్డ కరగలేదు, రవికలు మాత్రం పచ్చబడ్డాయి.

అప్పుడు వీరవేణి తిన్నగా మిల్లుకే వెళ్ళింది. గంగరాజు పనేమిటో తెలుసా? బస్తాలోకి మొనదేలిన ఇనప గొట్టం గుచ్చి, నాలుగు గింజలు తీసి, బియ్యం మంచివో ముక్కినవో చెప్పడం.

"పొద్దస్తమానం గుచ్చుతావు కదా, ఆ గొట్టం వల్ల ఏ బస్తా అయినా ముక్కిపోయిందా? బస్తాకున్న విలువ నాకు లేదా?" అని అరిచింది. హమాలీలంతా చూస్తున్నారు. గంగరాజు గొట్టం కింద పడేశాడు. చెప్పులేసుకుని వెంట నడిచాడు.

ఆసుపత్రిలో ఒక నర్సమ్మ దుప్పటి కప్పి పక్కనే నిలబడింది. డాక్టరమ్మ, "రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నావా?" అని ముందే అడిగింది. ఆ తర్వాత నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కించే సూది వేసింది. చురుక్కుమంది. ఆ తర్వాత ముక్క తీసే సూది టప్పుమంది, లోపల నొక్కినట్టు, అంతే.

"కొంచెం కములుతుంది, ఐసు పెట్టుకో. రెండ్రోజులు బరువులెత్తకు. రక్తం ఆగకపోయినా, జ్వరమొచ్చినా వెంటనే రా. సూది గుచ్చినందుకు ఏదీ ఒళ్ళంతా పాకదు, అదంతా ఉత్త భయం" అంది డాక్టరమ్మ.

జవాబు వచ్చేదాకా వీరవేణికి అన్నం సయించలేదు. వచ్చింది. క్యాన్సర్ కాదు!

అప్పుడు చూడాలి ఆ ముగ్గురి సంబరం. "మేం చెప్పలా ఏమీ లేదని? ఊరికే పొడిపించుకున్నావు" అన్నారు. వీరవేణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెప్పింది మీరు కాదు, సూది! అదే క్యాన్సరై ఉంటే, పసుపు రాస్తూ రాస్తూ నన్ను పాడెక్కించేవాళ్ళు!"

గంగరాజూ, మంగాయమ్మా మెల్లగా జారుకున్నారు. సూరమ్మ ఒక్కతీ నిలబడిపోయింది. కొంగు చాటున రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఆ డాక్టరమ్మ రేపు ఉంటాదా? నాకూ ఉందే. నువ్వు కాపరానికి రాకముందునుంచీ" అంది.

"ఇన్నేళ్ళూ ఎందుకు దాచావత్తా!" అని అరుస్తూనే వీరవేణి బావురుమంది. పొద్దున్నే అత్తని తీసుకుని మొదటి బస్సెక్కింది.

కథ వెళ్ళె కంచికి, కునుకు వచ్చె కంటికి,
సిగ్గు వెళ్ళె ఏటికి, అత్త వెళ్ళె సూదికి!