ఐదు వంటిళ్ల ఉప్పు

వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ ఉన్న ఒకానొక రాజ్యం మెట్టసీమ. దాన్ని ఏలేవాడు కీర్తిధర భూపతి. మనసు చెడ్డది కాదు. కాని పొగడ్త చెవిన పడితే చాలు, పొగిడినవాడు ఏం అడుగుతున్నాడో చూసుకునేవాడు కాడు.

సముద్రం ఒడ్డున ఉన్న రేవుపట్నం రాజు ఒకనాడు దూతను పంపాడు. చుట్టుపక్కల ఐదు రాజ్యాలూ ఒక కూటమి కావాలట. దారుల్లో సుంకాలు ఉండవు. తూకాలు, కొలతలు అందరికీ ఒకటే. నాణెం కూడా ఒకటే. అది కొట్టే టంకశాల మాత్రం రేవుపట్నంలో ఉంటుంది, మిగతా నాలుగూ మూసెయ్యాలి. ఎంత నాణెం కొట్టాలో ఐదుగురు రాజుల మనుషులూ కూర్చుని, ఎక్కువమంది మాట ప్రకారం తేలుస్తారు.

"నాణెం మీద ఏడాదికొక రాజుగారి బొమ్మ. మొదటి ఏడాది తమదే," అన్నాడు దూత.

అంతే. రాజు అద్దం తెప్పించుకుని, ఏ పక్కనుంచి చూస్తే ముక్కు బాగుంటుందో చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒడంబడిక మీద ముద్ర వెయ్యడానికి ఐదో రోజున ముహూర్తం పెట్టారు.

ఈ మాట వంటశాలకు చేరింది. అక్కడ పెద్ద వంటవాడు సూరప్ప. ఆరేళ్ల కిందట కరువొచ్చినప్పుడు ఇదే రాజు తన వెండి కంచాలు కరిగించి నాణెం కొట్టించాడు. చెరువులు తవ్వే పని పెట్టించి కూలి ఇచ్చాడు. ఆ నాణేలు చూసే పొరుగుసీమ నుంచి జొన్నల బళ్లు వచ్చాయి. సూరప్ప తమ్ముడి పిల్లలు ఆ జొన్నలు తినే బతికారు. టంకశాల పోతే, రేపు కరువొస్తే ఎవర్ని అడగాలి?

వడ్డన వేళ సూరప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ముహూర్తం లోపల మనమూ ఒక చిన్న కూటమి కట్టి చూద్దామా? తమ వంటిల్లు, మంత్రిగారిది, సేనాపతిగారిది, పురోహితులవారిది, వైద్యులవారిది. ఐదింటికీ ఒకటే ఉప్పు. ఎక్కువమంది తినేది మంత్రిగారింట్లో కనక ఉప్పుకొట్టు తాళం వారి దగ్గర. ఎంత వెయ్యాలో ఐదిళ్లవాళ్లూ కూర్చుని తేలుస్తారు."

"భేష్! మన ఐకమత్యం నలుగురూ చెప్పుకుంటారు," అన్నాడు రాజు. తాటాకు మీద రాయించి ముద్ర కూడా వేశాడు.

మెట్టసీమలో విస్తరి వేయగానే, అన్నిటికంటే ముందు మూలన కాస్త ఉప్పు వడ్డిస్తారు. చాలకపోతే ఎవరికి వాళ్లు కలుపుకుంటారు. మర్నాడు రాజు విస్తట్లో ఆ మూల ఖాళీగా ఉంది. పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని రాజు మొహం చిట్లించాడు.

"ఉప్పేదోయ్ సూరప్పా?"

"వేశాను ప్రభూ, తేల్చిన లెక్క ప్రకారం. మంత్రిగారికి కాళ్ల వాపు. పురోహితులవారికి వయసు మీదపడింది. వైద్యులవారు మామూలుగానే తక్కువ తినమంటారు. ముగ్గురి మాట నెగ్గింది."

"విస్తట్లో ఉప్పో?"

"అదుంటే ఎవరిష్టం వాళ్లదైపోతుంది. ఇంక కూటమి ఎందుకు?"

రాజు ఎలాగో ముద్ద మింగాడు. రెండో రోజు చారు కూడా అలాగే ఉంటే, ఇంకాస్త కావాలని కబురు పంపించాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. 'ఒక్క వంటింటి కోసం ఐదింటి లెక్క మార్చడం కుదరదు. పౌర్ణమికి మళ్లీ కూర్చుంటాం. అప్పుడు మనవి చేసుకోవలసింది.'

"మనవా! నేనా!" అన్నాడు రాజు.

మూడో రోజు గుర్రమెక్కి ఎర్రటి ఎండలో తిరిగాడు. ఒళ్లంతా చెమటలు కారిపోయాయి. దిగేసరికి పిక్కలు పట్టేశాయి. వైద్యుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఉప్పేసిన మజ్జిగ రెండు చెంబులు తాగాలి ప్రభూ, ఇప్పుడే!"

సూరప్ప చెంబు తెచ్చాడు. రాజు ఒక గుక్క తాగాడు. ఉత్త చప్పటి మజ్జిగ.

"ఇవాళ్టి వాటా పొద్దున వంటకే అయిపోయింది ప్రభూ," అన్నాడు సూరప్ప.

రాజు వైద్యుడి మీదికి తిరిగాడు. "మొన్న తక్కువ చాలన్నది నువ్వే కదటయ్యా?"

"మొన్న తమకు చెమట పట్టలేదు ప్రభూ!"

"నా ఇంట్లో, నా మజ్జిగలోకి చిటికెడు ఉప్పుకు నేను మంత్రినడగాలా? కొట్టు తెరిపించండి!"

"తెరిపిస్తాను. కాని తాటాకు మీద ఉన్నది తమ ముద్రే," అన్నాడు సూరప్ప. తర్వాత గొంతు తగ్గించాడు. "మంత్రిగారి తప్పేం లేదు ప్రభూ. వాపున్నవాడికి ఉప్పు తగ్గాలి, చెమట పట్టినవాడికి పెరగాలి. రేవుపట్నానికి ఏటా ఓడలొస్తాయి. నాణెం ఎక్కువైతే సంతలో ధరలు పెరుగుతాయని వాళ్లు తక్కువే కొట్టమంటారు. మిగతా ముగ్గురూ ఏటి ఒడ్డువాళ్లే, కరువెరగరు, వాళ్లూ అదే అంటారు. మనకు కరువొచ్చిన ఏడాది చెరువు తవ్వేవాడు కూలి అడిగితే, పౌర్ణమి దాకా ఆగమని చెప్పాలి."

రాజు పిక్క నొక్కుకున్నాడు.

"ఆ ఏడు నాణెం మీద బొమ్మ నాదే అయితేనో?"

"బొమ్మ తమదే ఉంటుంది ప్రభూ. అచ్చు వాళ్ల దగ్గరుంటుంది."

రాజు దూతను పిలిపించాడు. సుంకాలు ఎత్తేయడానికి ఒప్పుకున్నాడు. తూకాలు, కొలతలు కలపడానికి ఒప్పుకున్నాడు. ఒకరి నాణెం ఇంకొకరి సంతలో వెండి తూకం చూసి తీసుకోవచ్చన్నాడు. మెట్టసీమ టంకశాల మాత్రం మూసేది లేదన్నాడు. దూత మొహం మాడ్చుకుని వెళ్లాడు.

తర్వాత మంత్రిని పిలిచి, ఉప్పు ఎవరిది వాళ్లకు పంచెయ్యమన్నాడు. మంత్రి కాస్త నసిగాడు.

"మహారాజా, మా ఇంట్లో మాత్రం ఇప్పుడున్న లెక్కే ఉండనివ్వండి. మూడు రోజులకే వాపు తగ్గి కాళ్లకు చెప్పులు పట్టాయి."

రాజు పగలబడి నవ్వాడు. "మీ ఇంటి ఉప్పు మీ ఇష్టమయ్యా! నన్నడుగుతావేం?"

కరువులో కరిగించగా మిగిలిన వెండి గిన్నె ఒక్కటే ఉంది కోటలో. రాజు దాన్ని తెప్పించి, నిండా ఉప్పు పోసి సూరప్ప చేతిలో పెట్టాడు.

సూరప్ప కళ్లకద్దుకున్నాడు. "భద్రంగా దాచి, మళ్లీ కరువొస్తే తెచ్చిస్తాను ప్రభూ. కరిగించడానికి మన టంకశాల మనకుంది కదా."