రెండు వందల పదునాలుగు నలుసులు

ఎవరేమి అడిగినా మాటతో బదులు చెప్పే అలవాటు విశ్వరూపాచారిగారికి లేదు. అడిగినవారి చేతిలో ఒక పని పెట్టేవారు. మొదట టైపు మిషన్లను, పిమ్మట రేడియోలను, ఇప్పుడు కంప్యూటర్లను బాగుచేస్తూ నలభై ఏళ్ళు గడిపిన ఆ చేతులను పెద్దాపురంలో ఎరుగనివారు లేరు. ఆ గొంతును ఎరిగినవారు మాత్రం తక్కువ.

ఆయన వద్ద అయిదేళ్ళుగా పని నేర్చుకొంటున్న అలివేలుకు ముప్పై ఏళ్ళు నిండినవి. సామర్లకోటలో సొంతంగా దుకాణం తెరవాలని ఆమె కోరిక. గది చూసుకొన్నది, బోర్డుకని రేకు కూడా కొని గురువుగారి దుకాణంలోనే గోడకు చేరవేసినది. గురువుగారు ఊ అంటే చాలును. ఆయన మాత్రం, "ఇంకొక్కటి నేర్చుకోవాలమ్మా" అనేవారే గాని ఆ ఒక్కటి ఏమిటో చెప్పేవారు కాదు. ఒకనాటి ఉదయం ఆమె ఉండబట్టలేక తానే ఊహించి అడిగినది:

"మాస్టారూ, పరాయివాళ్ళ యంత్రంలో చెత్త ఏదో, సొత్తు ఏదో చూడగానే పోల్చుకోవడం ఎలాగండీ? మీరు చెప్పని ఆ ఒక్కటీ ఇదేనా?"

ఆచారిగారు కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకొన్నారు. "హైమవతమ్మగారి కంప్యూటరు వచ్చింది. ఆసాంతం నువ్వే చూడు. నేను చెయ్యి పెట్టను" అన్నారు.

హైమవతమ్మగారు ఎనభై రెండేళ్ళ ముత్తవ్వ. ఆడపిల్లల పాఠశాలలో ముప్పై ఏళ్ళు తెలుగు వ్యాకరణం బోధించి, పిల్లల చేతనే గాక తోటి పంతుళ్ళ చేత కూడా తప్పులు దిద్దించినారని ప్రతీతి. మనుమడు వాడి వదలివేసిన పాత కంప్యూటరు మీద, ఆరు నెలల క్రితం, ఆమె అక్షరాభ్యాసం చేసినారు. మీట నొక్కి, పొయ్యి మీద పప్పు పెట్టి, అది ఒక పొంగు వచ్చాక పోయి చూస్తే అప్పటికి తెర వెలిగేది. నేర్చినదంతా ఒక చేతి పుస్తకంలో వ్రాసుకొన్నారు. "ఎలుక ఎడమ చెవి ఒకసారి నొక్కవలెను. కుడి చెవి జోలికి పోరాదు" అన్నది అందులోని మొదటి సూత్రం.

ఆమె తొందరకు కారణం ఉన్నది. చెల్లెలు పంకజమ్మగారు గతించి ఏడాది కావస్తున్నది. సంవత్సరీకం నాటికి తమ ఇద్దరి చిన్నతనాన్ని గ్రంథంగా కూర్చి, అచ్చు తీయించి, చెల్లెలి మనుమరాండ్ర చేతుల్లో పెట్టాలని ఆమె పంతం. ముప్పై పుటలు పూర్తి అయినవి. యంత్రం నత్తనడక నడుస్తుంటే మిగిలిన పది పుటలు గడువులోగా తెమలవని దుకాణానికి పంపినారు.

అలివేలు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసినది. పాత డిస్కు ఊడదీసి, కొత్తరకపు వేగమైన డిస్కు బిగించి, పాతదానిలోని వ్రాతనంతా అందులోకి ఎక్కించినది. మెమొరీ ఇంకొక పలక చేర్చినది. పంకాలో పేరుకొన్న దుమ్మును కుంచెతో దులిపినది. ముసలి కళ్ళకు ఆనేటట్లు తెర మీది అక్షరాలను పెద్దవి చేసినది. పాత డిస్కును గుడ్డలో చుట్టి, తేదీ వ్రాసి, సొరుగులో పెట్టినది. అది ఆచారిగారి నియమం. కొత్త కాపురానికి పదహారు రోజుల పండుగ ఉన్నట్లే కొత్త డిస్కుకూ ఉండాలని, అంతవరకు పాతదానిలో ఒక్క అక్షరం చెరపరాదని ఆయన పట్టు. అలివేలు చాటున నవ్వుకొన్నా, నియమం తప్పేది కాదు.

ఆ తరువాతనే ఆమెకు రెండు లోపాలు కనబడినవి. కీబోర్డు మీద ఒక మీటకు నెలవంక ఆకారపు స్టిక్కరు బొట్టు అంటుకొని ఉన్నది. ఇంట్లో చంటిపిల్లల అల్లరి కాబోలునని గోటితో గీకి పారవేసి, మీటను స్పిరిటుతో మెరిసేటట్లు తుడిచినది. రెండవది వ్రాతలో ఉన్నది. పుట పుటకూ అక్షరాల పక్కన అరచందమామల వంటి నలుసులు! పాత యంత్రం నుండి కొత్తదానికి మారేటప్పుడు అక్షరాలు చెదరి ఇటువంటి తుక్కు రాలడం ఆమె లోగడ చూసినదే. పాపం, పెద్దావిడ ఒక్కొక్కటే ఎక్కడ ఏరుకొంటుందని జాలిపడి, ఆ నలుసు ఎక్కడ ఉన్నా తీసివేయమని యంత్రానికి ఒకే ఆజ్ఞ ఇచ్చినది. "రెండు వందల పదునాలుగు మార్పులు జరిగినవి" అని తెర పలికినది. ఆమె మనసు తేలికపడినది.

మరునాడు తానే యంత్రాన్ని తీసుకొని వెళ్ళినది. మీట నొక్కగానే తెర వెలిగేసరికి హైమవతమ్మగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టినారు.

"ఓసి నీ చేతి చలవ! దీని రోగమంతా కుదిర్చావే! ఇక నా పప్పు మాడదు."

"మీ వ్రాత కూడా శుభ్రం చేశాను మామ్మగారూ. చూసుకోండి" అన్నది అలివేలు, పొగడ్త ఇంకొకటి రాకపోదని.

హైమవతమ్మగారు ముందుకు వంగి మొదటి వాక్యం పైకి చదివినారు. "మా చెల్లెలు పంకజము కన్నుమూసి ఏడు నిండినది." ఆగినారు. మళ్ళీ చదివినారు. "ఏడు నిండినదా? ఏడు ఏమిటే? ఏడు రోజులా, ఏడు గడియలా? లేక నన్ను కూర్చుని ఏడు అంటున్నావా?"

"ఏడాది అనే కదండీ..."

"ఏడాదికి అరసున్న ఉండాలి. ఏఁడు. అది లేకపోతే అంకె. నా అరసున్నలేవే?"

అలివేలు అవి తుక్కనుకొని తుడిచినానని చెప్పినది. ముసలావిడ కేకలు వేసి ఉంటే బాగుండేది. ఆమె కీబోర్డు మీద చేయి పెట్టి, తడిమి, ఆ చేయి వెనక్కు తీసుకొన్నారు.

"బొట్టు కూడా పోయింది. ఏ మీటో నాకిక తెలియదు" అని, నెమ్మదిగా అన్నారు: "అరవై ఏళ్ళు మేమిద్దరం ఉత్తరాలు వ్రాసుకొన్నామమ్మా. నేను ఒక్క అరసున్న జారవిడిస్తే చాలు, కుశలప్రశ్న కన్నా ముందు అదే వ్రాసేది. 'అక్కా, నీ తోఁటలో చందమామ రాలిపోయింది, ఏరుకో' అని. ఇప్పుడు ఒక్కటీ లేకుండా దాని పేర పుస్తకం వేస్తే, పైనుంచి పకపకా నవ్వదూ? తీసుకుపో దీన్ని. ఇంక నా వల్ల కాదు."

సంవత్సరీకానికి తొమ్మిది రోజులున్నవి. అలివేలు తల వంచుకొని యంత్రంతో దుకాణానికి వచ్చి, జరిగినది జరిగినట్లు గురువుగారికి చెప్పినది. ఆయన కోపగించలేదు. సొరుగు తీసి గుడ్డ మూట ఆమె చేతిలో పెట్టినారు.

"ఇందులో ఉన్నవి ఇందులో ఉన్నాయి. ఇందులో లేనిదేమైనా తీశావా?"

"బొట్టండీ" అన్నది అలివేలు.

ఆయన తన పని చూసుకొన్నారు.

సాయంత్రం ఆమె యంత్రాన్ని, గుడ్డ మూటను తీసుకొని మళ్ళీ ఆ ఇంటి మెట్లెక్కినది. గడపలోనే నిలబడి, పాత ప్రతి భద్రంగా ఉన్నదని, చిటికెలో తిరిగి ఎక్కిస్తానని చెప్పినది. హైమవతమ్మగారి ముఖం విప్పారినది. కాని మరుక్షణమే పాఠశాలనాటి ముఖం పైకి వచ్చినది.

"ఎక్కిద్దువుగాని. అవి ఎందుకున్నాయో తెలియకుండానే ఎక్కిస్తే, రేపు ఇంకొకరివి తుడుస్తావు. ముందు నువ్వు తుడిచినదాన్ని నువ్వే దిద్దు. నేను చెబుతాను. ఊఁ, కూర్చో!"

అలివేలు తన సంచిలోని బొట్ల అట్ట తీసి, గుండ్రని బొట్టునొకదానిని కత్తెరతో నెలవంకగా కత్తిరించి, ఆ మీట మీద అంటించినది. హైమవతమ్మగారు దానిని వేలితో తడిమి చూసి, "పాతదానికన్నా కాస్త లావు. ఫరవాలేదు, నాకు బాగా తగులుతుంది" అన్నారు.

మూడు మధ్యాహ్నాలు ఆ పాఠం సాగినది. "వాఁడు, వీఁడు, మూఁడు, నాఁడు" అని ఆమె చదువుతుంటే అలివేలు నెలవంకలు పెట్టుకొంటూ పోయినది. "అన్నిటికీ పెట్టకే! వడ్డిస్తున్నావా ఏమిటి?" అని చీవాట్లు తిన్నది. గుర్తు చెప్పమంటే ముసలావిడ వేళ్ళు మడిచి చెప్పినారు: "మేసేది మేఁత. కోసేది కోఁత. పూసేది పూఁత. వెనకటి వాళ్ళు ముక్కుతో పలికేవారు. పలుకు పోయింది, గుర్తు మిగిలింది. మనిషి లేచిపోయినా పీట మీద వెచ్చదనం ఉంటుంది చూశావా, అలా."

మూడవనాడు పని ముగిసినది. అప్పుడు పాత డిస్కులోని ప్రతిని తెరిచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసినారు. ఇరువది ఏడవ పుట వరకు ఒకదానికొకటి సరిపోయినవి. అక్కడ హైమవతమ్మగారి వేలు ఆగిపోయినది.

"ఇదేమిటే? నా ప్రతిలో 'దాఁగుడుమూతలు' అని ఒక్కటే అరసున్న. నువ్వు రెండు పెట్టావు. నేను చెప్పానా?"

"చెప్పలేదండీ. మీరప్పుడు కాఫీ కలపడానికి వెళ్ళారు."

"మరి?"

అలివేలు భయపడుతూనే అన్నది: "మేసేది మేఁత, కోసేది కోఁత అన్నారు కదా మామ్మగారూ. మరి కళ్ళు మూసేది మూఁత కాదాండీ?"

హైమవతమ్మగారు లేచి, అలమరలోని నిఘంటువును రెండు చేతులా మోసుకొనివచ్చినారు. పుటలు తిప్పినారు. భూతద్దం పెట్టి చూసినారు. చాలాసేపు చూసినారు.

"మూఁత" అన్నారు చివరకు. భూతద్దం బల్ల మీద పెట్టినారు. ముందు నవ్వు వచ్చినది; ఆ నవ్వులోనుండే కన్నీళ్ళు వచ్చినవి. "పంకజం పోయాక నా తప్పు పట్టినవాళ్ళు లేరు. ఇక పట్టేవాళ్ళే లేరనుకొన్నానే! ఉండనీ, నీ ప్రతే ఉండనీ. నాది తీసెయ్యి."

"తీసెయ్యనండీ" అన్నది అలివేలు చటుక్కున. "పదహారు రోజులు కాలేదు."

మిగిలిన పది పుటలను హైమవతమ్మగారు తన చేతులతో తానే కొట్టినారు. కుడి చెవి జోలికి పోలేదు. పుస్తకం గడువుకు ఒక రోజు ముందే అచ్చయినది. దాని ప్రతి ఒకటి దుకాణానికి వచ్చినది. ఆచారిగారు అట్ట తిరగవేసి, లోపలి పుటలు రెండు చూసి, పనిబల్ల మీద జాగ్రత్తగా పెట్టినారు.

"ఆ వేళ నన్నొకటి అడిగావు. చెత్త ఏదో, సొత్తు ఏదో. ఇప్పుడు చూడగానే తెలుస్తోందా?"

అలివేలు పుస్తకాన్ని చేతిలోకి తీసుకొన్నది. "లేదండీ మాస్టారూ. ఇంతకు ముందయితే తెలిసేది."

విశ్వరూపాచారిగారు గోడకు చేరవేసి ఉన్న రేకును తీసి, పైనున్న దుమ్మును తుండుగుడ్డతో తుడిచి, ఆమె చేతికిచ్చినారు.

"బోర్డు వ్రాయించుకో. రంగు వేయించే ముందు ఆవిడకొకసారి చూపించు."